క్యాప్ గరుగ్గా ఉంటే కోసి తీసేయాలా, పాలిష్ సరిపోతుందా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ లైన్ మీద పనిచేస్తాను. మూడు నెలల కిందట కింద కుడివైపు దవడ పన్నుకు ఒంగోలులో రూట్ కెనాల్ చేయించుకుని జిర్కోనియా అనే సిరామిక్ క్యాప్ వేయించుకున్నాను. బిగించే రోజు క్యాప్ ఎత్తుగా తగిలింది. డాక్టరు గారు నీలం కాగితం కొరికించి, మిషన్‌తో అరగదీసి, మళ్లీ కొరికించి, సరిపోయిందనగానే సిమెంటు పెట్టి బిగించేశారు. అప్పటి నుంచి నాలుక అక్కడికి పోతే గరగరలాడుతోంది. దానికి ఎదురుగా పైనున్న సొంత పన్ను ఈమధ్య చల్లనీళ్లకు జివ్వుమంటోంది. అడిగితే, 'వాడేకొద్దీ అదే నున్నబడుతుంది, అలవాటైపోతుంది' అన్నారు. మా ఫ్యాక్టరీలో ఒకాయన 'సిరామిక్‌కి నోట్లో పాలిష్ రాదు, కోసేసి కొత్తది వేయించుకో' అంటున్నాడు. మళ్లీ అంత డబ్బంటే టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, మా చెల్లెలికి ఫ్లోరిన్ నీళ్ల వల్ల ముందు పళ్లు గార పట్టాయి. పెళ్లి చూపులు మొదలయ్యేలోపు సిరామిక్ వేయిద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలో చెప్పగలరు.

సమాధానం: క్యాప్ ఇప్పుడే కోయించకండి. అలాగని 'అలవాటైపోతుంది' అన్న మాట పట్టుకుని ఊరుకోకండి. మీ క్యాప్‌కి నోట్లో ఉండగానే పాలిష్ పెట్టొచ్చు, బాగా పెట్టొచ్చు. పావుగంట, ఇరవై నిమిషాల పని. ఈ నెలలోనే వెళ్లి చేయించుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ పాడయ్యేది క్యాప్ కాదు, మీ పై పన్ను.

అదే నున్నబడుతుందన్న మాట ముందు తేల్చేద్దాం. పంటి పైన ఉండే తెల్లటి పొర, ఎనామెల్, మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. వికర్స్ కొలతలో దాని గట్టితనం 300 పైచిలుకు ఉంటుంది. జిర్కోనియాది 1200 చుట్టుపక్కల. అంటే దాదాపు నాలుగు రెట్లు. ఈ రెండూ రోజూ ఒకదాన్నొకటి రాసుకుంటే ఏది అరుగుతుందో రాయితో పనిచేసే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. క్యాప్ మీది గరుకు అలాగే ఉంటుంది, దానికి రాసుకుని పై పన్ను అరుగుతుంది. మామూలుగా సొంత పన్ను మీద సొంత పన్ను రాసుకున్నా దవడ పళ్లు ఏడాదికి సుమారు 30 మైక్రాన్లు అరుగుతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. ఆ అరుగుదల ఒంటికి తెలియదు, లోపలి పొర దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఎదురుగా గరుకు సిరామిక్ ఉన్నప్పుడు ఆ సర్దుబాటుకు వ్యవధి దొరకదు. అందుకే జివ్వుమంటుంది.

అయితే జిర్కోనియా గట్టిది కాబట్టి చెడ్డదనుకోకండి. జిర్కోనియా క్యాప్‌లు కొత్తగా వచ్చినప్పుడు ఎదురు పళ్లను తినేస్తుందేమోనని మా డాక్టర్లలోనే చాలామంది భయపడ్డారు. తీరా పరీక్షించి చూస్తే కథ వేరుగా ఉంది. అద్దంలా పాలిష్ చేసిన జిర్కోనియా, దానికన్నా మెత్తనైన పాత పోర్సిలిన్ కంటే కూడా ఎదురు పన్నును తక్కువ అరగదీస్తుంది. పన్నును తినేది గట్టితనం కాదు, గరుకు. డైమండ్ బర్, అంటే అరగదీయడానికి మిషన్‌కి తగిలించే వజ్రపు పొడి పూసిన చిన్న మొన, గీసిన ప్రతి గాడికీ రెండు పక్కలా పదునైన అంచులుంటాయి, మీరు నమిలిన ప్రతిసారీ ఆ అంచులే ఎనామెల్‌ను గీస్తాయి. అంచులు పోతే అదే జిర్కోనియా పక్కన పన్ను హాయిగా ఉంటుంది.

మీ విషయంలో ఏం జరిగి ఉంటుందంటే, ల్యాబ్ నుంచి క్యాప్ వచ్చేటప్పుడు దాని మీద గ్లేజ్ అనే సన్నటి గాజు పూత ఉంటుంది. ఫర్నేస్‌లో కొన్ని వందల డిగ్రీల వేడి మీద కాల్చి ఆ పూత వేస్తారు. దాని మందం కొన్ని పదుల మైక్రాన్లు మాత్రమే. ఎత్తు తగ్గించడానికి డాక్టరు గారు బర్ ఆనించగానే అది లేచిపోయింది, అడుగున ఉన్న జిర్కోనియా మీద బర్ గాళ్లు పడ్డాయి. అరగదీయడంలో తప్పేమీ లేదు. ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా చేసినా క్యాప్ కొంచెం ఎత్తు రావడం మామూలే, ఆ ఎత్తు తీయకుండా బిగిస్తేనే పెద్ద తప్పు. ఇక్కడ లోపం అరగదీశాక చేయాల్సిన పని చేయకపోవడం. సిమెంటు పెట్టకముందే పాలిష్ చేసి ఉంటే క్యాప్‌ను చేతిలో పట్టుకుని, నలువైపులా తిప్పి, కంటికెదురుగా చేసుకోవచ్చు. కావాలంటే ల్యాబ్‌కి తిరిగి పంపి మళ్లీ గ్లేజ్ కూడా వేయించొచ్చు. బిగించాక గ్లేజ్ దారి మూసుకుపోతుంది, పాలిష్ దారి ఒక్కటే మిగులుతుంది. మీకు అది చాలు. నమిలే చోట ఎంత మంచి గ్లేజ్ అయినా ఎన్నాళ్లో నిలవదు, అరిగిపోయి అడుగున ఏముందో అదే బయటపడుతుంది. అడుగున పాలిష్ లేకుండా పైన గ్లేజ్ పూసి ఇచ్చిన క్యాప్ మొదటి ఆర్నెల్లు నున్నగా ఉండి, తర్వాత గరుకవుతుంది. అందుకే నమిలే వైపు నాకు గ్లేజ్ కన్నా పాలిష్ మీదే నమ్మకం.

ఇప్పుడు మీ ఫ్యాక్టరీ ఆయన మాట. సిరామిక్‌కి నోట్లో పాలిష్ రాదని ఆయన ఎందుకన్నారో తెలుసు. పాలిష్ అంటే చాలాచోట్ల ఒక రబ్బరు బిళ్ల తీసుకుని నాలుగు తిప్పులు తిప్పి 'అయిపోయింది' అనేస్తారు. అలా చేస్తే నిజంగానే రాదు. మీరు గెలాక్సీ గ్రానైట్ స్లాబ్‌కి మెరుపు తెచ్చే పద్ధతి తలుచుకోండి. ముతక రాయితో మొదలుపెట్టి, వరుసగా సన్న రాళ్లకు దిగుతూ, చివర్న బఫ్ పెడతారు. మధ్యలో రెండు నంబర్లు ఎగ్గొట్టి నేరుగా బఫ్ పెడితే ఏమవుతుంది? పైకి మెరుస్తుంది, వెలుతురు పక్క నుంచి పడితే గీతలు కనిపిస్తాయి. సిరామిక్ పన్ను మీద జరిగేది అచ్చంగా ఇదే. రాయి మారింది, కొలత చిన్నదైంది, అంతే.

క్రమం ఇలా ఉంటుంది. మొదట ఎర్ర గీత ఉన్న సన్న డైమండ్ బర్‌తో పెద్ద గాళ్లను తీస్తారు. బర్ మెడ దగ్గర రంగు గీతను బట్టి దాని ముతకతనం తెలుస్తుంది. ఆకుపచ్చ ముతక, నీలం మధ్యరకం, ఎరుపు సన్నం, పసుపు ఇంకా సన్నం. ఇది నీళ్లు కొడుతూ, తాకీతాకనట్టు చేయాలి. తర్వాత జిర్కోనియాకనే తయారుచేసిన, డైమండ్ పొడి కలిపిన రబ్బరు పాలిషర్లు. ఇవి ముతక, మధ్యరకం, సన్నం అని రెండు మూడు మెట్లలో వస్తాయి. రంగులు కంపెనీకొక రకంగా ఉంటాయి కాబట్టి మీరు రంగు చూసి ఏమీ తేల్చుకోలేరు. ఒకటికి మించి మార్చారా లేదా అన్నది మాత్రం చూడొచ్చు. చివర్న చిన్న బ్రష్‌తో గానీ ఫెల్ట్‌తో గానీ డైమండ్ పేస్టు పెట్టి రుద్దుతారు. మెట్టు మెట్టుకీ మధ్య నీళ్లతో కడిగి గాలితో ఆరబెట్టాలి. ముతక గింజ ఒక్కటి మిగిలినా సన్న మెట్టులో అదే కొత్త గీత గీస్తుంది. మెట్టు మారినప్పుడల్లా రుద్దే దిక్కు కూడా మార్చాలి. అప్పుడే పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో అడ్డంగా కనిపిస్తాయి. దవడ పన్ను మీద ఉండే సన్న లోయల్లోకి రబ్బరు బిళ్ల దిగదు, అక్కడ మొన ఉన్న పాలిషర్ వాడాలి. తొందరలో ఎక్కువమంది వదిలేసేది ఈ లోయల్నే.

పని అయ్యాక తడి మీద చూసి సంతోషపడకండి. తడిసిన రాయి పాలిష్ లేకపోయినా మెరుస్తుందని మీకు తెలుసు. నోట్లో ఉమ్మి వల్ల గరుకు సిరామిక్ కూడా నిగనిగలాడుతుంది. గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టి, లైటు పక్క నుంచి వేసి చూడమనండి. అరగదీసిన చోటికీ, అరగదీయని పక్క చోటికీ తేడా కనిపించకూడదు. మసకగా ఒక మచ్చలా కనిపిస్తే ఒక మెట్టు తక్కువైందని అర్థం. అప్పుడు అద్దం మీ చేతికివ్వమని అడగండి, మీ కన్ను దీనికి అలవాటుపడిన కన్ను.

మీ నాలుకనూ నమ్మండి. దాదాపు అర మైక్రాన్ గరుకును కూడా అది పట్టేస్తుంది. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల చుట్టూ ఉంటుందంటే అదెంత సూక్ష్మమో చూడండి. బర్‌తో అరగదీసి వదిలేసిన సిరామిక్ గరుకు సాధారణంగా ఒక మైక్రాన్ దాటిపోతుంది. కాబట్టి 'మీకు అలా అనిపిస్తోంది, అంతే' అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఇంకో లెక్క కూడా ఉంది. గరుకు 0.2 మైక్రాన్ల కంటే పెరిగేకొద్దీ పాచి ఎక్కువగా అంటుకుంటుంది. అందుకే గరుకు క్యాప్ చిగురుకు దగ్గరగా ఉంటే ఆ చిగురు ఎర్రబడి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది.

ఒక జాగ్రత్త ప్రత్యేకంగా మీకే చెప్పాలి. మీది రూట్ కెనాల్ అయిన పన్ను, లోపల నరం లేదు. పాలిషర్ వేడెక్కినా మీకు నొప్పి తెలియదు. నరమున్న పన్నయితే రోగే 'అబ్బా' అంటాడు, డాక్టరు ఆపుతారు. మీ దగ్గర ఆ హెచ్చరిక లేదు. వేడి ఎక్కువైతే జిర్కోనియా పైపొరలో కంటికి కనిపించని పగుళ్లు రావచ్చు, లోపలి సిమెంటు కూడా దెబ్బతినొచ్చు. రబ్బరు పాలిషర్లను మైక్రోమోటార్ మీద తక్కువ వేగంతో, పాలిషర్ కంపెనీ చెప్పిన హద్దులో, వీలైనచోట నీళ్లు వాడుతూ, ఆపి ఆపి తిప్పాలి. నిమిషానికి లక్షల చుట్లు తిరిగే ఎయిరోటర్‌కి వాటిని తగిలించకూడదు. గట్టిగా నొక్కితే త్వరగా అవుతుందనుకోవడం కూడా పొరపాటే. నొక్కితే వేడి వస్తుంది తప్ప మెరుపు రాదు.

పాలిష్ మొదలుపెట్టే ముందు కొరుకు సరిగ్గా ఉందో లేదో మళ్లీ చూడమనండి. మీ పై పన్ను జివ్వుమనడానికి గరుకు ఒక్కటే కారణం కాకపోవచ్చు, క్యాప్ ఇంకా రవ్వంత ఎత్తుగా ఉండొచ్చు. రెంటికీ తేడా మీరే గమనించొచ్చు. చల్లనీళ్లకూ చల్లగాలికీ జివ్వుమని వెంటనే తగ్గిపోతే అరుగుదల వైపు అనుమానం. గట్టిది కొరికినప్పుడు పన్ను నొక్కినట్టు నొప్పి పుడితే ఎత్తు వైపు అనుమానం. బిగించిన రోజు మీరు పడుకుని, నోరు అలసిపోయి ఉంటారు, అప్పుడు కొరికిన కొరుకు పూర్తిగా నమ్మదగింది కాదు. ఈసారి కుర్చీలో లేచి కూర్చుని కొరకండి. నిట్టనిలువుగా మాత్రమే కాదు, దవడను పక్కలకు జరిపి కూడా కొరకాలి. నిజంగా రాసుకునేది ఆ కదలికలోనే. ఎత్తు ఉంటే అది తీసి, ఆ తర్వాతే పాలిష్. ముందు పాలిష్ చేసి తర్వాత ఎత్తు తీస్తే చేసిన పనంతా వృథా.

డాక్టరు గారితో ఎలా చెప్పాలని మీరు మొహమాటపడుతున్నట్టు ఉంది. తప్పు పట్టినట్టు మాట్లాడక్కర్లేదు. 'సార్, అరగదీసిన చోట నాలుకకు గరుగ్గా ఉంది, ఎదురు పన్ను జివ్వుమంటోంది. ఒకసారి కొరుకు చూసి, జిర్కోనియా పాలిషింగ్ కిట్‌తో పాలిష్ చేసిపెట్టండి' అనండి. ఆ కిట్ పేరు మీ నోట వినగానే పని ఏమిటో ఆయనకు అర్థమైపోతుంది. జిర్కోనియా క్యాప్‌కి చాలా ల్యాబ్‌లు వారంటీ కార్డు ఇస్తాయి, మీకు ఇచ్చి ఉంటే వెంట తీసుకెళ్లండి. క్యాప్ ఏ రకం సిరామిక్ అన్నది అందులో ఉంటుంది, పాలిషర్ ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. మామూలు పోర్సిలిన్‌కి సరిపోయే రబ్బరు జిర్కోనియా మీద జారిపోతుంది తప్ప దాన్ని కోయదు. ఆ కిట్ ఆయన దగ్గర లేకపోతే క్యాప్‌లు, కట్టుడు పళ్ల స్పెషలిస్టు, అంటే ప్రోస్థోడాంటిస్ట్ దగ్గరికి వెళ్లండి. నెల్లూరు వెళ్లే వీలుంటే అక్కడి డెంటల్ కాలేజీలో ఆ విభాగం ఉంటుంది.

పాలిష్‌తో సరిపోని సందర్భాలూ ఉన్నాయి. క్యాప్‌లో పగులు కనిపించినా, అరగదీసి అరగదీసి చిల్లు పడినా, అంచు దగ్గర సందు ఏర్పడి లోపల పుచ్చు మొదలైనా మార్చక తప్పదు. లోపల లోహం, పైన సిరామిక్ ఉండే పాతరకం క్యాప్ అయితే, పైపొర లేచి అడుగున లోహపు నలుపు కనిపిస్తే దానికి పాలిష్ పనికిరాదు. మీరు రాసిన దాంట్లో ఈ గుర్తులేవీ లేవు. పాలిష్ చేయించాక రెండు వారాలు చూడండి. జివ్వుమనడం తగ్గుముఖం పట్టకపోతే పై పన్నుకు ఎక్స్‌రే తీయించాలి, పగులో పుచ్చో ఉందేమో చూడాలి. రాత్రి నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉందేమో ఇంట్లో వాళ్లను అడగండి. ఉంటే ఎంత మంచి పాలిష్ చేసినా రాత్రి పూట నైట్ గార్డ్, అంటే పళ్లకు తొడిగే తొడుగు, పెట్టుకోవాల్సిందే.

మీ ఊరి నీళ్ల సంగతి, మీ పని సంగతి కూడా ఇక్కడ కలుస్తాయి. కనిగిరి వైపు ఫ్లోరిన్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో పళ్లు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఎనామెల్ పైపొర గట్టిగా ఉన్నా దాని అడుగున గుల్లగుల్లగా ఉంటుంది. ఆ పైపొర ఒకసారి అరిగితే లోపలిది పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. అందువల్ల ఎదురుగా గరుకు క్యాప్ ఉండటం మిగతావాళ్లకంటే మీకు ఎక్కువ నష్టం. పైగా మీరు రోజంతా రాతి పొడిలో ఉంటారు. నోటితో గాలి పీల్చినప్పుడు ఆ పొడి పళ్ల మధ్య చేరి రెండు వైపులా అరగదీస్తుంది. ఊపిరితిత్తుల కోసం పెట్టుకోమనే మాస్కు పళ్లకూ మేలు చేస్తుంది. డ్యూటీ దిగాక నేరుగా బ్రష్ చేయకండి, ముందు నీళ్లతో బాగా పుక్కిలించి ఉమ్మేసి, ఆ తర్వాత బ్రష్ పట్టండి. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి లాంటివి క్యాప్‌కీ సొంత పళ్లకీ మంచివి కావు. మామూలు ఫ్లోరైడ్ పేస్టుతో సిరామిక్‌కి ఏ ఇబ్బందీ లేదు. క్లినిక్‌లో పూసే ఫ్లోరైడ్ జెల్ విషయంలో మాత్రం 'నోట్లో సిరామిక్ క్యాప్ ఉంది' అని ముందే చెప్పండి. అందులో ఏపీఎఫ్ అనే పుల్లటి రకం గాజు పూతను తినేసి మెరుపు పోగొడుతుంది. దాని బదులు ఆమ్లం లేని న్యూట్రల్ రకం పూయించుకోవచ్చు.

చెల్లెలి సంగతికి వస్తే, ముందు సిరామిక్ అవసరమా అన్నది తేల్చుకోండి. గార తేలికపాటిదైతే మైక్రోఅబ్రేషన్‌తో, అంటే మందు కలిపిన పేస్టుతో పైపైన సన్నని పొర తీయడంతో, లేదా బ్లీచింగ్‌తో చాలావరకు పోతుంది. వెనీర్, అంటే పంటి ముందు వైపు అతికించే పలుచటి సిరామిక్ పెచ్చు, వేయాలంటే చాలాసార్లు పంటి ముందు వైపు అర మిల్లీమీటరు దాకా చెక్కాల్సి వస్తుంది. చెక్కిన ఎనామెల్ మళ్లీ పెరగదు. పెళ్లి చూపుల తొందరలో పడి చిన్న వయసు పిల్ల పళ్లు ముందే చెక్కించేయడం నాకు ఇష్టం లేదు. మచ్చలు ముదురు గోధుమ రంగులో ఉండి, పళ్లు గుంటలు పడి, ఇంకే దారీ లేదని తేలితే అప్పుడు వెనీర్లు వేయించండి. తేదీ దగ్గర పెట్టుకుని పరిగెత్తకండి. ట్రయల్‌కి, సరిచూసుకోవడానికి కనీసం కొన్ని వారాలు ఉండాలి.

వెనీర్ల విషయంలో నునుపు లెక్క కొంచెం మారుతుంది. బయటికి కనిపించే వైపు పూర్తిగా గాజులా నున్నగా ఉంటే పెట్టుడు పళ్లని ఇట్టే తెలిసిపోతుంది. సొంత పంటి మీద వెలుతురులో కనిపించే సన్నటి అడ్డగీతలను ల్యాబ్‌లో మంచి టెక్నీషియన్ సిరామిక్ మీద కూడా దించుతాడు. అయినా వాటి మీద పాలిష్ తగ్గకూడదు. పై పళ్ల లోపలి వైపు, అంటే కింది పళ్లు వచ్చి తగిలే వైపు, సిరామిక్ ఉంటే మాత్రం అక్కడ ఏ గీతలూ వద్దు, అద్దంలా ఉండాలి. ఫొటోలు తీసేది ముందు వైపే కాబట్టి ఈ వెనక వైపు ఎవరూ చూడరు. మీరు చూడమనండి.

ఇక చిగురు అంచు. వెనీర్ అతికించాక బయటికి పొంగిన సిమెంటును బర్‌తో తీసేటప్పుడు అంచు మీద గ్లేజ్ కూడా కొంత లేచిపోతుంది, అక్కడ మళ్లీ పాలిష్ పెట్టాలి. అది జరిగిందో లేదో తెలుసుకోవడానికి కుర్చీ దిగకముందే డాక్టరు గారిని ప్రతి పంటి సందులో ఫ్లాస్ దారం దింపి పక్కకు లాగమనండి. దారం జారినట్టు బయటికి రావాలి. ఎక్కడైనా పట్టేసినా, పోగులు లేచినా అక్కడ సిమెంటు మిగిలిందనో అంచు గరుగ్గా ఉందనో అర్థం. దాన్ని ఆ రోజే సరిచేయించుకుని ఇంటికి రండి.